పగ తీరేనాటికి చేతులు లేవు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. మన పత్రికల్లో ఆ సినిమాల ఊసే అరుదు కనుక, అసలు ఆ వ్యాసం వేసినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే సెర్జియో కోర్బూచీ 1966లో తీసిన ‘జాంగో’ను వ్యాసకర్త రెండే వాక్యాల్లో తేల్చేశారు. తన మనిషిని చంపినవాడి మీద సరిహద్దు పట్టణంలో ఒకడు పగ తీర్చుకునే కథ అనీ, అంతకు రెండేళ్ళ ముందు విజయం సాధించిన మరో చిత్రానికి అనుకరణ అనీ, శవాల లెక్క తప్ప అందులో మిగిలేదేమీ లేదనీ వారి తీర్పు. ముప్పై ఏళ్ళకు పైగా అనువాద చిత్రాలకు మాటలు రాసినవాణ్ణి. ఒక్కో దృశ్యాన్ని పదేపదే వెనక్కి తిప్పి నటుల పెదవులూ చేతులూ గమనించడం వృత్తిరీత్యా నాకు అబ్బిన అలవాటు. ఆ అలవాటుతోనే ఈ సినిమాను చాలాసార్లు చూశాను. నాకు కనిపించింది వేరు కాబట్టి, కొంచెం వివరంగా రాయడానికి అనుమతించమని కోరుతున్నాను.

సినిమా మొదలవగానే మనకు కనిపించేది ఒక మనిషి వీపు. వీపు మీద గుర్రపు జీను ఉంది కానీ, ఆ జీను వేయడానికి గుర్రం లేదు. భుజం మీదుగా వెనక్కి వెళ్ళిన తాడుకు ఒక శవపేటిక కట్టి ఉంది. అతను దాన్ని బురదలో ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. కౌబాయ్ సినిమా అంటే దుమ్ము, ఎండ, కనుచూపు మేర పరుచుకున్న ఎడారి అనుకునే ప్రేక్షకుడికి ఇక్కడ దొరికేది మబ్బు పట్టిన ఆకాశం, చీలమండలు మునిగే అడుసు. ఈ తరహా చిత్రాలకే పేరుపడ్డ ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తన చిత్రాలను వెడల్పు, ఎత్తుల 2.35:1 నిష్పత్తిలో, తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాపపరిచినట్టు తీస్తే, కోర్బూచీ, అతని ఛాయాగ్రాహకుడు ఎంజో బర్బోనీ 1.66:1 అనే ఇరుకు చట్రంలో పనిచేశారు. ఆ చట్రంలో దిగంతానికి చోటు తక్కువ, కాళ్ళకింది నేలకు చోటు ఎక్కువ. రోమ్‌లోని ఎలియోస్ స్టూడియోలోనూ, స్పెయిన్‌లో మాడ్రిడ్ చుట్టుపక్కలా తీసిన ఈ చిత్రంలో పట్టణపు వీధి దారిలా ఉండదు, నీరు ఇంకిన చెరువులా ఉంటుంది. కథలో విలన్ అయిన జాక్సన్ మనుషులు చచ్చి పడేది ఆ బురదలోనే, జాక్సన్ బతికి పారిపోయేదీ ఆ బురద ముఖానికి పూసుకునే. ఇంత శ్రద్ధగా ఎంచుకున్న నేలను మామూలు కథకు పరిచిన నేపథ్యం అనడం నాకు సమంజసంగా తోచలేదు.

ఇక సరిహద్దు సంగతి. వ్యాసకర్త సరిహద్దు పట్టణం అన్న మాటను కథ జరిగే చోటు పేరుగా మాత్రమే వాడారు. కానీ ఆ చోటు మార్చి చూడండి, కథ నిలబడదు. 1848లో గ్వాదలూపె హిదాల్గో ఒప్పందం మీద సంతకాలు అయ్యాక మెక్సికో దాదాపు సగం భూభాగాన్ని అమెరికాకు వదులుకుంది. టెక్సస్ వైపు రియో గ్రాండే నది హద్దుగా స్థిరపడింది. అక్కడి ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండానే మరో దేశంలోకి వచ్చి పడ్డారు. ఆ తరువాత 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం. అవతలి ఒడ్డున ఫ్రెంచి సైన్యాల అండతో గద్దెనెక్కిన మాక్సిమీలియన్ చక్రవర్తి 1867లో తుపాకులకు బలయ్యేదాకా మరో యుద్ధం. కథాకాలం ఆ యుద్ధాల తరువాతిది. ఓడిపోయిన దక్షిణాది సైనికులు ఒక వైపు, అధికారం కోసం పోరాడుతూ ఆయుధాలు వెతుక్కుంటున్న మెక్సికన్ దళాలు మరో వైపు, మధ్యలో ఏ చట్టమూ పూర్తిగా చెల్లని పేలికలాంటి నేల.

చిత్రంలో మేజర్ జాక్సన్ ఆ ఓడిపోయిన దక్షిణాది మనిషి. అతని అనుచరులు ఎర్రటి ముసుగులు వేసుకుంటారు. మెక్సికన్ రైతులను ఒక్కొక్కరినీ పరుగెత్తమని వదిలి, వాళ్ళ వీపులకు గురిపెట్టి కాల్చడం అతనికి కాలక్షేపం. 1865 చివర టెనెసీలో పుట్టిన, నల్లజాతివారిని హింసించిన ముసుగుల ముఠా కూ క్లక్స్ క్లాన్ గుర్తుకు రాకుండా ఆ ముసుగులను చూడటం కష్టం. అవతలి పక్షం నాయకుడు జనరల్ ఊగో రోడ్రిగెజ్. విప్లవం అంటాడు, కానీ అతని మనుషులు పట్టణంలోకి వచ్చినా ఊరికి ఊపిరి ఆడదు. ఈ ఇద్దరి మధ్యా బతుకుతున్నది ఒక మద్యశాల, దాన్ని నడిపే నెథానియెల్, అక్కడే ఉంటున్న కొందరు స్త్రీలు. జాక్సన్ తరఫున మామూళ్ళు వసూలు చేసుకుపోయేవాడు జోనథన్ అనే మతబోధకుడు. అంటే ఆ ఊళ్ళో దేవుడి పేరు చెప్పేవాడే దొంగలకు పద్దులు రాసేవాడు. ఎవరు వస్తే వాళ్ళకు గ్లాసు నింపి, ఎవరు అడిగితే వాళ్ళకు డబ్బు చెల్లించి, ఆ రోజుకు ప్రాణం నిలుపుకోవడమే అక్కడి జీవనం. పగ తీర్చుకోవడానికి వచ్చినవాడు బురద దాటుకుని అడుగుపెట్టేది ఇలాంటి ఊళ్ళోకి.

ఇందులో నాకు మరొకటి కూడా వినిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే, దర్శకుడి మాట కాదు. కోర్బూచీ 1926లో రోమ్‌లో పుట్టారు. అప్పటికే ముస్సోలినీ అధికారంలోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఆయన బాల్యమంతా ముస్సోలినీ ఫాసిస్టు దళాల నల్లచొక్కాల కవాతుల నీడలోనే గడిచింది. 1943 సెప్టెంబరు నుంచి 1944 జూన్ దాకా రోమ్ జర్మన్ సైన్యం చేతుల్లో ఉంది. ఆ మధ్యలోనే ఆయనకు పదిహేడేళ్ళు నిండాయి. ఎవరి సైన్యం వీధిలో తిరుగుతుంటే వాళ్ళకు తలవంచి, రాత్రి తలుపులు వేసుకుని కూర్చోవడం ఏమిటో ఆ నగరానికి తెలుసు. ఇరవై ఏళ్ళు గడిచాక ఆ నగరంలోనే వేసిన సెట్టులో, అమెరికా పేరు పెట్టుకున్న వీధిలో, మద్యశాల యజమాని రెండు పక్షాలనూ చూసి ఒకే తీరుగా నవ్వే నవ్వులో నాకు కనిపించేది టెక్సస్ కాదు.

ఇప్పుడు పగ విషయానికి వస్తాను, ఎందుకంటే నా అసలు అభ్యంతరం అక్కడే ఉంది.

పగ కథలో ప్రేక్షకుడు ఒక్క క్షణం కోసం కాచుకుని కూర్చుంటాడు. ఆ క్షణాన్ని వీలైనంత దూరం జరిపి, చివరికి చేతికి అందించడం కథకుడి నేర్పు. ‘జాంగో’లో ఆ క్షణం మొదటి అరగంటలోనే ఒకసారి చేతికి వస్తుంది. మద్యశాలలో జాక్సన్ వెంట వచ్చిన మనుషులను జాంగో కాల్చేస్తాడు. జాక్సన్ ఎదురుగా, ఒంటరిగా నిలబడి ఉంటాడు. జాంగో ప్రేమించిన మెర్సిడెస్ సారోను చంపినవాడు అతనే. తుపాకి చేతిలోనే ఉంది. అయినా జాంగో కాల్చడు. మిగిలిన మనుషులందరినీ వెంటబెట్టుకుని రమ్మని పంపిస్తాడు. వాళ్ళు గుంపుగా వచ్చినప్పుడు, శవపేటిక మూత తెరిచి అందులోని మెషిన్‌గన్ బయటకు తీస్తాడు. ముసుగుల గుంపు మొత్తం నేలకూలుతుంది, జాక్సన్ మాత్రం మళ్ళీ తప్పించుకుంటాడు. ఈ దృశ్యం తీరు చూస్తే జాంగోకు జాక్సన్ ప్రాణం ఒక్కటే చాలదని అర్థమవుతుంది. అతను తన పగకు ఒక వేదిక, ఒక లెక్క, ఒక ప్రదర్శన కోరుకుంటున్నాడు. ఆ కోరికకు అతను కట్టిన మూల్యమే మిగిలిన సినిమా.

ఎందుకంటే ఆ తరువాత పగ పక్కకు జరిగిపోతుంది. ఊగో మనుషులతో కలిసి మెక్సికన్ సైన్యపు కోటలోంచి బంగారం దోచుకు వస్తారు. వాటా వెంటనే ఇవ్వనని ఊగో అనడంతో, జాంగో ఆ బంగారాన్ని రాత్రికి రాత్రి శవపేటికలోకి ఎక్కించుకుని పారిపోతాడు. అతని వెంట మరియా ఉంటుంది. సినిమా మొదట్లో అతను కాపాడిన స్త్రీ ఆమె. ఆ బంగారాన్ని వదిలేసి కొత్తగా బతుకుదామని ఆమె అడుగుతుంది. తాడు వంతెన దగ్గర శవపేటిక జారి ఊబిలో పడుతుంది. జాంగో దాని కోసం ఊబిలోకే దిగుతాడు. ఊగో మనుషులు అందుకుని మరియాను కాల్చి గాయపరుస్తారు. జాంగోను పైకి లాగి, దొంగతనానికి శిక్షగా తుపాకి మడమలతో అతని రెండు చేతులూ చితక్కొట్టి, వాటి మీదుగా గుర్రాలను నడిపిస్తారు. ఇన్నాళ్ళూ ఎవరి శవం ఆ పెట్టెలో ఉందని ఊరంతా అడిగిందో, చివరికి దానిలో మునిగిపోయింది అతని బంగారం, అతని కొత్త బతుకు. పగ కోసం వచ్చినవాడు దారిలో ఆశకు లొంగాడనీ, ఆశ అతని చేతులను తీసుకుందనీ ఇంత స్పష్టంగా చెప్పిన సినిమాను ఉత్త పగ కథ అనడం ఎలా కుదురుతుంది?

ఆ చేతుల గురించి ఇంకొక మాట. జాంగో అన్న పేరు జాజ్ గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్‌ది. 1910లో బెల్జియంలో పుట్టిన ఆయన రోమా సంచార కుటుంబానికి చెందినవారు. 1928లో తాము ఉంటున్న బండికి నిప్పంటుకుని ఆయన ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. తీగలను నొక్కాల్సిన చెయ్యి అదే. మిగిలిన రెండు వేళ్ళతో తనకంటూ ఒక బాణీ కల్పించుకుని యూరప్‌లో మేటి అనిపించుకున్నారు. హీరోకు ఆ పేరు పెట్టి, ఆ హీరో చేతులనే చితక్కొట్టించి, ఆ చేతులతోనే చివరి పని చేయించిన రచనలో అనుకరణ ఎక్కడుందో వ్యాసకర్త ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాను.

చివరి దృశ్యం శ్మశానంలో జరుగుతుంది. ఊగో దళాన్ని జాక్సన్ మాటువేసి తుడిచిపెట్టేశాడు, నెథానియెల్‌నూ చంపేశాడు. జాంగో మెర్సిడెస్ సమాధి వెనక కూలబడి ఉన్నాడు. గాయాలకు కట్టిన గుడ్డల మధ్య వేళ్ళు వంగవు, పిస్తోలు పట్టు నిలవదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వంకీని పళ్ళతో పట్టి లాగి ఊడదీస్తాడు. పిస్తోలును సిలువకు ఆనించి నిలబెట్టడానికి ప్రయత్నిస్తాడు. అది జారుతుంది. మళ్ళీ ఎత్తుతాడు. ఈ మొత్తం పనిని కెమెరా ఓపికగా చూపిస్తుంది. ఒక చేతివృత్తిదారుడు తన పనిముట్టుతో కుస్తీపడుతున్నట్టు ఉంటుంది. ఈలోగా జాక్సన్ మిగిలిన మనుషులతో వచ్చి, ప్రార్థన చేసుకోమని ఎగతాళి చేస్తూ, తండ్రి పేరిట, కుమారుని పేరిట అంటూ సిలువ కొసలను ఒక్కొక్కటే తుపాకితో ఎగరగొడతాడు. అప్పుడు జాంగో ట్రిగ్గరును సిలువకు ఒత్తిపెట్టి, ఆ చితికిన చేతులతో పిస్తోలు వెనక ఉండే మీటను మళ్ళీ మళ్ళీ లాగి కాలుస్తాడు. జాక్సన్, అతని మనుషులు పడిపోతారు. పగ తీరింది. జాంగో పిస్తోలును సిలువ మీదే వదిలేసి, తూలుతూ శ్మశానం బయటకు నడుస్తాడు. సినిమా అయిపోతుంది. గెలిచినట్టు ముఖంలో ఏమీ ఉండదు. అతను మళ్ళీ తుపాకి పట్టగలడా, మద్యశాలలో గాయంతో పడి ఉన్న మరియా దగ్గరికి చేరగలడా అన్నది దర్శకుడు చెప్పడు.

అనుకరణ అన్న ఆరోపణలో కొంత నిజం ఉందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. రెండు ముఠాల మధ్యకు ఒక అపరిచితుడు రావడమనే అల్లిక లియోనే 1964లో తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’లో ఉంది. అదైనా లియోనే సొంతం కాదు. అకిరా కురొసావా 1961 నాటి ‘యోజింబో’ నుంచి వచ్చింది. ఆ విషయమై జపాన్ నిర్మాతలు న్యాయపోరాటానికి దిగితే, ప్రపంచవ్యాప్త వసూళ్ళలో 15 శాతం ఇచ్చి రాజీ చేసుకోవలసి వచ్చింది. అయితే ఒకే అల్లిక నుంచి ఇద్దరు దర్శకులు ఎటు నడిచారన్నది ముఖ్యం. లియోనే చిత్రంలోనూ హీరోను చావగొడతారు. అతను ఒక శవపేటికలో దాక్కుని ఊరు దాటి, కోలుకుని, గురి మళ్ళీ సాధన చేసి, మునుపటి కంటే మొనగాడై తిరిగి వస్తాడు. కోర్బూచీ హీరోకు ఆ కోలుకోవడం లేదు. విరిగిన చేతులతోనే తేల్చుకోవాలి. అక్కడ శవపేటిక ఊళ్ళో వడ్రంగి చేసిపెట్టినది, ఇక్కడ హీరో తానే మోసుకొచ్చినది. ఈ రెండు తేడాలు చాలు, ఇది మరో మనిషి ఆలోచన అని చెప్పడానికి.

హింస విషయంలో వ్యాసకర్తతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. ఊగో ఆ మతబోధకుడి చెవి కోసి అతని నోట్లోనే కుక్కే దృశ్యాన్ని ఇప్పటికీ నేను తల తిప్పుకోకుండా చూడలేను. ఆ దృశ్యం అంతసేపు ఉండనవసరం లేదు. మద్యశాల స్త్రీలు వీధి బురదలో పడి కొట్టుకునే ఘట్టం కథకు ఏమీ ఇవ్వదు సరికదా, వాళ్ళ దుస్థితిని అంతవరకూ చూపిన చూపును పలుచన చేస్తుంది. బ్రిటన్‌లో సెన్సారు వారు ఈ చిత్రానికి సర్టిఫికెట్ నిరాకరించారు, 1993 వరకు అక్కడ అనుమతి దొరకలేదు. అయితే హింస ఎక్కువగా ఉండటం ఒకటి, హింస తప్ప ఏమీ లేకపోవడం మరొకటి. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం దగ్గరే నా పేచీ.

నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మాటలకూ పెదవులకూ పొంతన లేదని వ్యాసకర్త ఈ చిత్రాలన్నిటినీ తప్పుపట్టారు. ఆనాటి ఇటలీలో షూటింగ్ సమయంలో నమోదైన ధ్వనిని వాడుకునే పద్ధతి చాలా తక్కువ. ఇటలీ, స్పెయిన్ ఉమ్మడి నిర్మాణం కావడంతో ఒకే దృశ్యంలో వేర్వేరు దేశాల నటులు ఉండేవారు. జాక్సన్‌గా చేసిన ఎడువర్దో ఫహార్దో స్పెయిన్ నటుడు. మాటలన్నీ తరువాత స్టూడియోలో కూర్చుని చెప్పించినవే. జాంగోగా నటించిన ఇరవై నాలుగేళ్ళ ఫ్రాంకో నెరోకు ఇటాలియన్ ప్రతిలో గొంతు ఇచ్చింది నాందో గజ్జోలో అనే నటుడు. ఆ ముదురు గొంతు కలిశాక ఆ కుర్రవాడి ముఖానికి మరో పదేళ్ళ వయసు, ఒక యుద్ధం బరువు అదనంగా వచ్చాయి. నేను ఎన్నో రాత్రులు ఒక్క మాట కోసం, నటుడి పెదవి మూతపడే చోట పవర్గాక్షరం పడేలా వాక్యాన్ని మార్చి మార్చి రాసినవాణ్ణి. గొంతుకూ ముఖానికీ పెళ్ళి చేయడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి చెబుతున్నాను, దయచేసి ఈ చిత్రాన్ని ఇటాలియన్ ధ్వనితో, ఉపశీర్షికలతో ఒకసారి చూడమని పాఠకులకు సూచించండి. లూయీస్ బకాలోవ్ కట్టిన ఆ టైటిల్ పాట కూడా అప్పుడు మరింత దిగులుగా వినిపిస్తుంది.

చివరగా ఒక సవరణ. వ్యాసంలో జాంగో చిత్రాలు అంటూ వాటన్నిటినీ ఒక వరుస కథగా పేర్కొన్నారు. ఈ చిత్రం విజయవంతమయ్యాక ఆ పేరును డజన్ల కొద్దీ సినిమాలు అరువు తెచ్చుకున్నాయి. జర్మనీలోనైతే నెరో నటించిన సంబంధం లేని చిత్రాలకు సైతం ఆ పేరు తగిలించి విడుదల చేశారు. నెరో మళ్ళీ ఆ పాత్ర వేసిన అధికారిక కొనసాగింపు 1987లో వచ్చిన ఒక్కటే, దానికి కోర్బూచీ దర్శకుడు కాడు. 2012లో క్వెంటిన్ టరాంటినో తీసిన చిత్రం పేరునూ పాటనూ తీసుకుని, నెరోను ఒక చిన్న పాత్రలో చూపించింది కానీ, కథ పూర్తిగా వేరు. పేరు చూసి ఆ సినిమాల లోపాలన్నీ 1966 నాటి చిత్రం ఖాతాలో వేయడం న్యాయం కాదు.

మీ వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో జాంగో మెషిన్‌గన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ ఉత్తరాన్ని ప్రచురించడానికి మీకు వీలైతే, దాని పక్కన ఆ బొమ్మ కాకుండా, చివరి దృశ్యంలో సమాధి సిలువ మీద మనిషి లేకుండా మిగిలిపోయిన పిస్తోలు బొమ్మను వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
అనువాద చిత్రాల మాటల రచయిత, మీ పాఠకుడు